నేల శుభ్రం

జంతువుల పార్కులో అతని అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. గేటు దగ్గర టికెట్లు చింపే ఆవిడ దగ్గర్నుంచి మేడమీద గదిలో కూర్చునే పెద్దసారు దాకా అందరికీ అతను బావురాయనే. పార్కులో ఉన్న ఒకే ఒక్క బావురుపిల్లికి మేత వేయడం, తొట్టి కడగడం, బోను ఊడవడం అన్నీ అతని చేతుల మీదే జరిగేవి. పిల్లి పేరు మనిషికి అంటుకుంది, ఇక వదల్లేదు.

బావురుపిల్లి అంటే ఇళ్ళ చుట్టూ తిరిగే పిల్లి కాదు. దానికి రెండింతలుంటుంది. బూడిదరంగు ఒళ్ళు, ఒంటి నిండా నల్లని చుక్కలు, పొట్టి తోక. నీళ్ళంటే జంకు లేదు. తొట్టి గట్టు మీద రాయిలా కూర్చుని, చేప పైకి తేలగానే పంజాతో ఒక్క చరుపు చరిచేది. జనం మాత్రం పులి కోసం వచ్చేవాళ్ళు. దారిలో దీన్ని చూసి, "ఇదేంటి, పిల్లేగా" అని సాగిపోయేవాళ్ళు. అలా అన్నవాళ్ళ వంక బావురాయన, తన ఇంట్లో భోంచేసి ఉప్పు తక్కువైందన్నవాళ్ళని చూసినట్టు చూసేవాడు.

నడుముకి తాళాల గుత్తి వేలాడేసుకుని పార్కంతా తిరిగే పెద్ద కాపలాదారుని తాళాలాయన అంటారు. అతనికి నోరు ఊరుకోదు.

"ఏమోయ్ బావురాయనా, పేరైతే తగిలించుకున్నావు గానీ ఎప్పుడన్నా ఒక్కసారి బావురుమన్నావటోయ్? మా ఆవిడ ఉల్లిపాయ తరిగినా బావురుమంటుంది."

"నీతో కాపురం చేస్తోంది కదా. ఉల్లిపాయ వంక పెట్టుకుంటుంది" అనేవాడు బావురాయన, మొహం కదపకుండా.

నిజమే, అతను ఏడవగా చూసినవాళ్ళు లేరు. తల్లి పోయిన రోజున కూడా వచ్చినవాళ్ళకి కుర్చీలు వేస్తూ, మంచినీళ్ళు అందిస్తూ తిరిగాడు. ఏడుపు రాక కాదు. వచ్చింది వచ్చినట్టు లోపలే ఇంకిపోయేది. ఆ ఇంటి మగవాళ్ళ తీరే అంత. అతనికంటే తమ్ముడికి మరీ ఎక్కువ.

పిల్లుల పనిలో చేరినవాడు ముందు నేర్చుకునేది నేల చూడటం. పొద్దున బోను దగ్గరికి వెళ్ళగానే జంతువు మొహం చూడరు, నేల చూస్తారు. నిన్న వేసిన మేతలో ఏమీ మిగల్లేదంటే అది బాగున్నట్టు. చేప తల మిగిలిందంటే ఓ కన్నేసి ఉంచాలి. చేపంతా మిగిలిందంటే డాక్టర్ని పిలవాలి. చూడటం అయ్యాక ప్రతి కాపలాదారూ తన బోను దగ్గర్నుంచే తాళాలాయనకి వినపడేలా కేక వేయాలి. తేడా ఉంటే "మిగిలింది" అని. లేకపోతే "నేల శుభ్రం" అని. ఎవరు పెట్టారో తెలియదు గానీ ఆ పార్కులో అదే పద్ధతి. బావురాయన ఇంట్లో కూడా తిని లేచేటప్పుడు కంచం ఎత్తి చూపించి "నేల శుభ్రం" అనేవాడు. పెళ్ళైన కొత్తలో భార్య నవ్వేది. తర్వాత్తర్వాత వినిపించుకోవడం మానేసింది.

ముసలిదైపోయిన బావురుపిల్లి ఒక చలికాలంలో పోయింది. మొదట చేప తల మిగిల్చింది, తర్వాత చేప మిగిల్చింది. పద్ధతి ప్రకారం చెప్పి మరీ పోయింది. ఖాళీ బోను కడిగి తాళం వేశాక, పెద్దసారు అతన్ని పక్షుల వైపుకి మార్చాడు. పేరు మాత్రం మారలేదు.

అప్పటికే ఇంట్లో తమ్ముడు గదిలోంచి బయటికి రావడం మానేశాడు.

తమ్ముడు సిటీ బస్సు నడిపేవాడు. బస్సుని కుదుపు లేకుండా ఆపగలడని పేరు. నిలబడి ప్రయాణం చేసే ముసలివాళ్ళు అతని బండి కోసం కాచుకునేవాళ్ళట. ఒకరోజు స్టాపులోంచి బస్సు తీస్తుండగా, బడికెళ్ళే పిల్ల ఒకతి చేతిలోంచి జారిపోయిందేదో అందుకోవాలని ముందు చక్రం దగ్గర వంగింది. విచారణ జరిగింది. తప్పు డ్రైవరుది కాదని తేల్చారు. మళ్ళీ డ్యూటీకి రమ్మన్నారు. తోటి డ్రైవర్లు ఇంటికొచ్చి భుజం తట్టి వెళ్ళారు. అందరికీ తల ఊపాడు. ఏడవలేదు, తాగలేదు, ఎవరినీ తిట్టలేదు. యూనిఫాం ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి బీరువా మీద పెట్టాడు. కొన్నాళ్ళు అందరితో కూర్చుని తిన్నాడు. తర్వాత కంచం పట్టుకుని గదిలోకి వెళ్ళాడు. ఆ తర్వాత కంచమే గది గుమ్మం దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది.

పెళ్ళి కాలేదు. అన్నావదినలకి పిల్లల్లేరు. వాడే ఆ ఇంటికి పిల్లవాడు. వెనక గదికి లోపలి నుంచి గొళ్ళెం ఉన్న తలుపు ఒకటి, సందులోకి తెరుచుకునే ఊచల కిటికీ ఒకటి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మాత్రమే అతను ఆ గది దాటి స్నానానికో దేనికో వెళ్ళేవాడు.

"లోపలికి రావద్దన్నయ్యా. పెట్టింది తింటాను. అంతవరకు వదిలెయ్" అన్నాడు.

అదే వాళ్ళ మధ్య ఒప్పందం. తలుపు కంచం పట్టేంత తెరుచుకునేది. పొడుగు చేతుల చొక్కాలోంచి ఒక చెయ్యి వచ్చి కంచం అందుకునేది. కాసేపటికి అదే చెయ్యి ఖాళీ కంచం బయటపెట్టేది. ఉత్త ఖాళీ కాదు, కడిగిన కంచం.

"తిన్న కంచం కడిగిచ్చే మగాణ్ణి నేనింతవరకు చూళ్ళేదు. మీరెప్పుడన్నా ఇచ్చారా?" అంది భార్య.

"వాడు మొదట్నుంచీ శుభ్రం మనిషి."

"ఆ శుభ్రమే నాకు భయం. డాక్టర్ని ఎవరినన్నా పిలుద్దామండీ. ఆ రోజే బావురుమని ఏడ్చేసి ఉంటే వదిలిపోయేది. ఏడవలేదు. మరి ఆ దుఃఖమంతా ఎక్కడికి పోతోంది?"

"తింటున్నాడు కదే. తిండి మానేసిన నాడు చూద్దాం. నేనెన్ని జంతువుల్ని చూళ్ళేదు? తింటున్నదేదీ చావదు."

"అతను జంతువు కాదు. మీ తమ్ముడు."

"నేనదే అంటున్నా" అన్నాడతను. ఏది అంటున్నాడో అతనికీ తెలియదు.

ఆమె బట్టల దుకాణంలో ఇస్త్రీ పని చేసేది. మధ్యాహ్నం మరిదికి కంచం ఇచ్చి, ఇంటికి తాళం వేసుకుని వెళ్ళేది. పొద్దునా సాయంత్రం బావురాయన ఇచ్చేవాడు.

పక్షుల వైపు అతనికి అప్పగించింది ఒక హార్న్‌బిల్ జంటని. దట్టమైన అడవుల్లో ఉండే పక్షి. కాకి కంటే చాలా పెద్దది. నల్లని రెక్కలు, తెల్లని పొట్ట, ఆ మొహానికి ఏమాత్రం తగని పసుపు పచ్చ ముక్కు, ముక్కు మీద మళ్ళీ బోర్లించిన దోనెలాంటి బొడిపె. అంత ముక్కు మోస్తున్న మగదానికి పార్కులో ముక్కుదొర అని పేరు. కాబట్టి ఆడది దొరసాని.

మొదట్లో అతనికి పక్షులంటే చిన్నచూపు. పిల్లి తింటుంటే తిన్నట్టు ఉంటుంది. ముక్కుదొర పండు ముక్కని ముక్కు చివర పట్టుకుని, పైకి ఎగరేసి, సరిగ్గా గొంతులో పడేలా అందుకునేది. "ఇది తిండా, బంతాటా?" అన్నాడు తాళాలాయనతో. పిల్లి మనిషిని సూటిగా కళ్ళలోకి చూస్తుంది. ఈ పక్షి తల పక్కకి తిప్పి ఒక్క కంటితో, అలిగిన చుట్టంలా చూసేది. పిల్లి తిన్నచోటు అద్దంలా ఉంటుంది. ఇవి తిన్నచోట తొక్కలు, గింజలు, రెట్టలు. ఊడిస్తే చాలదు, రాయి పెట్టి గీకాలి. బావురుపిల్లి ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే వేసిన కేక ఇక్కడ వేయలేక గొంతు దురద పెట్టేది.

ఒక్కటి మాత్రం అతనికి నచ్చింది. పిల్లుల్లో మగదానికి సంసారం లేదు. పని తీరాక ఆడది ఎటో, అది ఎటో. ఇవి మాత్రం బోనంతా ఖాళీగా ఉన్నా ఒకే కొమ్మ మీద ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చునేవి.

ఎండలు ముదరకముందు దొరసాని, ఎత్తున కట్టిన చెక్కపెట్టెలోకి దూరింది. పక్షుల్ని చూసే డాక్టరమ్మ వచ్చి కింద నిలబడి చూసింది. వయసులో చిన్నది. బావురాయనని బాబాయ్ అని పిలిచేది.

"ఇక లోపల్నుంచి పెట్టె మూసేసుకుంటుంది బాబాయ్. మట్టీ రెట్టా కలిపి మెత్తుతుంది. ముక్కు పట్టేంత సందు వదులుతుంది, అంతే. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలు కాస్త ఎదిగేదాకా బయటికి రాదు. ఈకలు కూడా రాల్చేసుకుంటుంది, ఎగరలేదు. అన్నాళ్ళూ మగదే మోసుకొచ్చి ఆ సందులోంచి తినిపించాలి."

"అన్నాళ్ళూనా?"

"అన్నాళ్ళూ. మీరు నిచ్చెన వేసి తొంగి చూడకండి. భయపడితే గుడ్లు వదిలేస్తుంది. పెట్టె కింద మాత్రం రోజూ చూస్తూ ఉండండి. తేడా వస్తే నాకు కబురు చెయ్యండి."

"నేల సంగతి నాకొదిలెయ్యమ్మా. ఇన్నేళ్ళూ నేను చూసింది నేలే" అన్నాడతను.

ఆమె నవ్వి వెళ్ళిపోయింది. ఏ తేడా అని అతను అడగలేదు. ఏ తేడానో ఆమె చెప్పలేదు. ఇద్దరికీ ఆ మాట తెలిసిందే అనిపించింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ ముచ్చటంతా భార్యకి చెప్పాడు. ఆమె విని, వెనక గది వైపు గడ్డం చూపించింది.

"అయితే మనింట్లోనూ ఒక దొరసాని ఉన్నట్టే. మీరు ముక్కుదొర. ముక్కొక్కటే తక్కువ."

అతను 'హుష్' అన్నాడు. అంతలో తలుపు అవతల చిన్న నవ్వు వినిపించింది. తమ్ముడి నవ్వే. ఇద్దరూ ఊపిరి బిగబట్టి మొహాలు చూసుకున్నారు. మర్నాడు పార్కులో కనపడిన ప్రతివాడికీ, "మావాడు నిన్న నవ్వాడోయ్" అని చెప్పుకున్నాడు బావురాయన.

అప్పట్నుంచి సాయంత్రాలు కంచం ఇచ్చి, తలుపు పక్కన గోడకి చేరగిలబడి పక్షుల కబుర్లు చెప్పేవాడు. తమ్ముడు వినేవాడు. ఎప్పుడన్నా ఒక మాట అడిగేవాడు.

"రోజూ మొయ్యాలంటే ముక్కుదొరకి విసుగెత్తదా అన్నయ్యా?"

"ఎందుకెత్తుతుంది? దానికదే పని."

"దొరసాని తినకపోయినా తెస్తాడా?"

"తినకపోవడమేంటిరా. బ్రహ్మాండంగా తింటోంది."

"తినకపోతే అతనికి తెలుస్తుందా అని."

"ఎందుకు తెలీదు? పెట్టేవాడికి తెలీదూ?"

కాసేపటికి కడిగిన కంచం బయటికొచ్చింది.

మొదట్లో పెట్టె కింద నానా కంగాళీగా ఉండేది. దొరసాని సందులోంచి రెట్ట వేసేది, గింజలు ఉమ్మేది. బావురాయన విసుక్కుంటూ గీకేవాడు. కొన్ని వారాలకి అది తగ్గింది. ఒక పొద్దున వెళ్ళి చూస్తే పెట్టె కింద ఒక్క గింజ లేదు, ఒక్క మరక లేదు. మర్నాడూ అంతే. ముక్కుదొర మాత్రం ఎప్పట్లాగే ద్రాక్షపండు పట్టుకెళ్ళి, పెట్టె అంచు పట్టుకు వేలాడుతూ, సందులోకి తోసి, మళ్ళీ ఇంకోదానికి వస్తోంది. పెట్టింది పెట్టినట్టు లోపలికి పోతోంది. కింద ఏమీ పడటం లేదు. దానికి బుద్ధొచ్చింది, మా పిల్లిలా తయారైంది అనుకున్నాడతను. ఎన్నాళ్ళకో గొంతు సవరించుకుని, పార్కు మారుమోగేలా కేక వేశాడు.

"నేల శుభ్రం!"

అవతల్నుంచి తాళాలాయన, "ఓరి నీ అసాధ్యం కూలా, పిట్టకి కూడా నేర్పావటోయ్" అని అరిచాడు.

ఇంటి వెనక సందులో ఒక గోధుమరంగు ఊరపిల్లి తిరిగేది. ఒకప్పుడు డొక్కలు కనపడేవి. ఈ మధ్య నున్నగా, బరువుగా తయారైంది. గోడెక్కడానికి కూడా బద్ధకిస్తోంది.

"వీధిలో ఉన్నవాళ్ళందరం చిక్కిపోతున్నాం. దీని ఒళ్ళు చూడండి" అంది భార్య.

బావురాయన కళ్ళు చికిలించి చూసి, తీర్పు చెప్పేశాడు. "కడుపుతో ఉంది. పిల్లుల సంగతి నాకు చెప్పకు."

వారాలు గడిచినా అది పిల్లల్ని పెట్టలేదు. భార్య అడిగితే, "పెడుతుందిలే, నీకేం తొందర" అన్నాడు.

డాక్టరమ్మ ఏదో శిక్షణకని వారాల తరబడి వేరే ఊళ్ళో ఉండి, ఒకరోజు తిరిగి వచ్చింది. వస్తూనే హార్న్‌బిల్ బోను దగ్గరికి నడిచింది. పెట్టె కింద నిలబడి నేల చూసింది. తల ఎత్తి సందు చూసింది. మళ్ళీ నేల చూసింది.

"ఎన్నాళ్ళుగా ఇలా ఉంది బాబాయ్?"

"శుభ్రంగానా? చాలా రోజులైందమ్మా" అన్నాడు, మెచ్చుకోలు కోసం చూస్తూ.

ఆమె చేతిసంచి కింద పెట్టేసింది. "నిచ్చెన తెప్పించండి" అంది.

పైకెక్కాక ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. బావురాయనకి వాసన తెలియలేదు. పిల్లుల బోన్లలో పనిచేసినవాడి ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయి ఉంటుంది. పక్కచెక్క ఊడదీశారు. లోపల పెట్టె సగం దాకా పళ్ళు. అడుగున నల్లగా ముద్దైపోయినవి, వాటి మీద బూజు పట్టినవి, పైన ఇంకా రంగు మారనివి. ఆ పొద్దున పెట్టిన ద్రాక్షపండు అన్నిటికన్నా పైన నిగనిగలాడుతూ ఉంది. పళ్ళ మధ్య దొరసాని, నానిన ఈకల కట్టలా. దాని కింద ఎక్కడో గుడ్లు.

కింద తాళాలాయన నిచ్చెన పట్టుకునే ఉన్నాడు. కొమ్మ మీద ముక్కుదొర ముక్కులో పండు ముక్క పట్టుకుని, వీళ్ళు ఎప్పుడు తప్పుకుంటారా అని చూస్తోంది.

"బతికి ఉంటే రెట్ట బయటికి వేస్తుంది బాబాయ్. గింజలు ఉమ్ముతుంది. కింద పాడుగా ఉంటేనే లోపల బాగున్నట్టు" అంది డాక్టరమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. "నాదే తప్పు. మీకు విడమర్చి చెప్పి వెళ్ళాల్సింది."

"పెట్టిందంతా లోపలికి పోతూనే ఉంది కదమ్మా. నేను చూస్తూనే ఉన్నా."

"లోపలికి పోయింది. నోట్లోకి పోలేదు."

ఆమె నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుంటూ, తనకి తాను చెప్పుకుంటున్నట్టు అంది. "పిల్లికి బాగాలేకపోతే తిండి వదిలేస్తుంది. వదిలింది మీ కళ్ళ ముందే ఉంటుంది. పిట్ట బాగాలేనట్టు కనపడకూడదు. కనపడితే కింద పిల్లి కాచుకుని ఉంటుంది. అందుకని పడిపోయేదాకా బాగున్నట్టే ఉంటుంది."

బావురాయన చేతిలో ఊడదీసిన చెక్క అలాగే ఉంది. దాన్ని నేల మీద పెట్టాడు. నిటారుగా గోడకి ఆనించాడు. మళ్ళీ తీసి నేల మీద పెట్టాడు.

"ఇంటికెళ్ళొస్తా" అన్నాడు.

"ఇప్పుడా?" అన్నాడు తాళాలాయన.

అప్పటికే అతను గేటు వైపు నడుస్తున్నాడు.

ముందు తలుపుకి తాళం ఉంది. భార్య పనికి వెళ్ళిపోయింది. తాళంచెవి ఆమె దగ్గరే. అతను ఇంటి పక్కనుంచి తిరిగి వెనక సందులోకి వెళ్ళాడు. మామూలుగా ఆ సందులోకి ఎవరికీ పని ఉండదు. గోధుమరంగు పిల్లి కిటికీ కింద రాతి మీద కూర్చుని పైకి చూస్తోంది. పిలవకుండా వచ్చే చుట్టంలా కాదు, వేళకి హాజరయ్యే ఉద్యోగిలా కూర్చుంది.

ఊచల మధ్యనుంచి చెయ్యి బయటికి వచ్చింది. ముద్ద పిల్లి ముందు పడింది. పిల్లి తినేదాకా చెయ్యి ఆగింది. తర్వాత ఇంకో ముద్ద. గుడ్డు కూడా రెండు ముక్కలు చేసి వేసింది ఆ చెయ్యి, గొంతుకి అడ్డం పడకుండా. చివర్లో కంచం వంచి, చెంబుతో నీళ్ళు పోసి కడిగింది. అప్పుడు చొక్కా చెయ్యి వెనక్కి జారింది. ఆ మణికట్టు తమ్ముడిదని ఒప్పుకోవడానికి అతనికి కాసేపు పట్టింది. అంత బస్సు స్టీరింగుని తిప్పిన చెయ్యి అది.

అతను కిందికి చూశాడు. ఇన్నేళ్ళుగా అలవాటైన చూపు కదా, దానంతటదే నేలకి పోయింది. కిటికీ కింద ఏమీ లేదు. పిల్లి అంతా నాకేసింది.

"తమ్ముడూ" అన్నాడు.

చెయ్యి ఆగిపోయింది. లోపలికి మాత్రం పోలేదు.

"ఈ వేళప్పుడు వచ్చావేంటన్నయ్యా?"

"దొరసాని చచ్చిపోయిందిరా."

"ముక్కుదొరకి చెప్పారా?" అన్నాడు తమ్ముడు.

"తలుపు తియ్యి."

"తీస్తాలే. ఇందాకే కూర్చున్నా. మళ్ళీ లేవాలంటే కాస్త టైం పడుతుంది."

"ఎందుకురా ఇలా? వదిన చేతి వంట బాగాలేదా? నాతో చెప్పకూడదా?"

"వంటకేం, బాగుంటుంది. వాసనకే తెలుస్తుంది. ఆ పిల్ల చేతిలోంచి జారింది అన్నం డబ్బా అన్నయ్యా. మూత ఊడి, దొర్లుకుంటూ పోయింది. వాళ్ళమ్మ పొద్దున్నే లేచి సర్ది ఉంటుంది. నోట్లో పెట్టుకుంటే ఆ మూత చప్పుడు వినిపిస్తుంది. మింగుడు పడదు. నేను పారెయ్యట్లేదు, ఇది తింటోంది కదా. వృథా పోలేదు."

బావురాయన ఊచల్లోంచి ఆ చెయ్యి పట్టుకున్నాడు. మణికట్టు చుట్టూ అతని వేళ్ళు ఒకదాని మీదకి ఒకటి వచ్చాయి. ఏమన్నా అనాలి. నోరు తెరిస్తే, రోజూ గోడకి చేరగిలబడి చెప్పిన కబుర్లు తప్ప ఇంకేమీ లేవు. పిల్లి అతని కాళ్ళకి ఒళ్ళు రాసుకుంటూ తిరిగింది.

పక్కింటి వడ్రంగి వచ్చి ముందు తాళం పగలగొట్టి, వెనక గది తలుపు గొళ్ళెం ఊడదీశాడు. ఆస్పత్రిలో కళ్ళజోడు డాక్టరు మంచం దగ్గర నిలబడి, "ఇన్నాళ్ళు ఇంట్లో ఎవరూ చూసుకోలేదా?" అని అడిగాడు. భార్య భర్త వైపు ఒకసారి చూసి తల దించుకుంది. 'నేను చెప్పలేదూ' అని ఆమె ఒక్కసారి అని ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది. అప్పుడే కాదు, ఆ తర్వాత కూడా ఆమె ఆ మాట అనలేదు.

ముక్కులోంచి గొట్టం వేసి కొన్నాళ్ళు ఆహారం పోశారు. తమ్ముడు దాన్ని లాగేసుకోలేదు, ఎదురు చెప్పలేదు. ఇంకో డాక్టరు వచ్చి మాట్లాడాడు. అడిగినవాటికి మర్యాదగా జవాబులిచ్చాడు. మాత్రలు రాసిచ్చి, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. "తినిపించి, పక్కనే కూర్చోండి. మెల్లగా తిండి అలవాటు చెయ్యాలి, ఓపిక పట్టాలి" అన్నారు. వెనక గది తలుపుకి ఇప్పుడు గొళ్ళెం లేదు, గొళ్ళెం ఉన్నచోట రెండు కన్నాలున్నాయి. కిటికీ మూసేద్దామంది భార్య. గాలి ఆడక వాడు ఆయాసపడ్డాడు. తెరవక తప్పలేదు.

ఇద్దరూ వంతులేసుకుని చేత్తో తినిపించారు. ముద్ద పెట్టి గొంతు వంక చూసేవాడు బావురాయన. గొంతుముడి పైకి లేచి కిందికి దిగేదాకా ఇంకో ముద్ద కలిపేవాడు కాదు.

"అలా చూడకన్నయ్యా."

"ఎలా చూస్తున్నా?"

"పులికి మాంసం వేసినట్టు."

నవ్వబోయి ఇద్దరూ ఆగిపోయారు.

పార్కులో చెక్కపెట్టె దించేశారు. ముక్కుదొర కొన్నాళ్ళు పండు పట్టుకుని, పెట్టె ఉండే చోటికి ఎగిరి, అక్కడ వేలాడటానికి ఏమీ దొరక్క తిరిగొచ్చేది. కాసేపు ముక్కులో అలాగే పట్టుకుని కూర్చుని వదిలేసేది. పొద్దున చూస్తే కొమ్మ కింద పళ్ళు. బావురాయన "మిగిలింది" అని కేక వేసేవాడు. ఆ కేకకి తాళాలాయన జోకులేమీ వేసేవాడు కాదు. ఒకసారి దగ్గరికొచ్చి, గుత్తి చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని అడిగాడు.

"ఇంటి దగ్గర ఎలా ఉంది?"

"తింటున్నాడు."

"చూస్తున్నావుగా?"

"మింగడం కూడా చూస్తున్నా."

"మరింకేం."

బావురాయన చీపురు అందుకున్నాడు. ఇప్పుడు తిన్నగా ఇంట్లోకి వెళ్ళడం మానేశాడని, మొదట వెనక సందులోకి వెళ్ళి పిల్లిని చూసి గానీ గుమ్మం ఎక్కడం లేదని, తాళాలాయనకి చెప్పలేదు. మొదటి వారం పిల్లి కిటికీ కింద కూర్చుని అరిచింది. తర్వాత దాని డొక్కలు లోపలికి పోయాయి. అది చిక్కిన కొద్దీ అతనికి ధైర్యం వచ్చింది. ఒకనాడు దాని పక్కటెముకలు కనపడితే, జేబులో ఉన్న రొట్టెముక్క దానికి వేయబోయి, లెక్క తప్పుతుందని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం సందు మలుపు తిరిగేసరికి, పిల్లి రాతి మీద కూర్చుని మూతి నాక్కుంటోంది. పంజా తడిపి మొహం తుడుచుకుంది. కిటికీ కింద నేల శుభ్రంగా ఉంది.

ఎలుక దొరికి ఉండొచ్చు అనుకున్నాడు. పక్కవాళ్ళెవరో ఏదో వేసి ఉండొచ్చు అనుకున్నాడు. అనుకుంటూనే ఇంట్లోకి నడిచాడు.

భార్య ఎదురొచ్చింది. చాలా రోజుల తర్వాత ఆమె మొహం వికసించి ఉంది. దుకాణంలో సెలవు పెట్టి ఆ రోజంతా ఇంట్లోనే ఉంది.

"ఈ పూట నేను కలిపిందంతా తిన్నాడండీ. మారు మాట్లాడలేదు. మంచినీళ్ళు అడిగాడు, తెచ్చేలోపే కంచం ఖాళీ చేశాడు. చూడండి" అని కంచం చూపించింది.

అతను కంచం చూశాడు. ఆమె మొహం చూశాడు.

"ఇంకాస్త పెట్టు" అన్నాడు.

"ఇప్పుడేగా తిన్నాడు?"

"పెట్టు."

కంచం పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళి మంచం అంచున కూర్చున్నాడు. తమ్ముడు అన్న మొహం చూశాడు, కంచం చూశాడు. సందులోంచి వచ్చాడని అతనికి అర్థమైనట్టే ఉంది. ఏమీ అనకుండా నోరు తెరిచాడు. బావురాయన ముద్ద కలిపి పెట్టాడు. పెట్టి, గొంతు వంక చూస్తూ కూర్చున్నాడు. బుగ్గ కాస్త ఉబ్బింది. గొంతుముడి కదల్లేదు.

కిటికీ బయట, రాతి మీద నుంచి, పిల్లి ఒక్కసారి పిలిచింది.